నేనూ మావారూ ఇద్దరం అందుబాటులో ఉండని రెండు నెలలు పాప బాధ్యత చెల్లికి ఎలా రాసివ్వాలి?

నిజాంపేట్_అమ్మ

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా అమ్మకి చెన్నైలో లివర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయాలి, డోనర్ నేనే. టెస్టులన్నీ అయిపోయాయి, మ్యాచ్ అయింది, జూలై మొదటి వారంలో చేస్తామన్నారు. మావారు మర్చంట్ నేవీలో ఇంజనీరు, మార్చిలోనే షిప్ ఎక్కారు, ఆరు నెలల కాంట్రాక్టు. నడిసముద్రంలో ఉన్నప్పుడు మెసేజ్ వెళ్తే వెళ్తుంది, లేదంటే రెండ్రోజులకి గానీ బ్లూ టిక్ పడదు. రిలీవర్ దొరికితే ముందే దిగుతా అంటున్నారు గానీ దాని మీద ఆశ పెట్టుకోలేను.

పాపకి 8 ఏళ్ళు, థర్డ్ క్లాస్. వీజింగ్ ఉంది, వానలు పడ్డాయంటే ఇన్‌హేలర్ చేతిలో ఉండాల్సిందే. నాకు ఆపరేషన్ అయ్యాక చెకప్‌లకి అక్కడే రూం తీసుకుని ఉండాలి, అమ్మని కూడా చూసుకోవాలి కాబట్టి మొత్తం రెండు నెలలు అనుకోమన్నారు. ఆ రెండు నెలలూ మా చెల్లి వచ్చి మా ఫ్లాట్లోనే పాపతో ఉంటుంది. చెల్లి మీద నాకు రవ్వంత కూడా అనుమానం లేదు.

నా భయం ఒక్కటే. నాకు మత్తిచ్చి పడుకోబెట్టిన రోజు, ఆయనకి సిగ్నల్ లేని రోజు, పాపకి అర్ధరాత్రి ఆయాసం ఎక్కువై హాస్పిటల్‌కి తీసుకెళ్తే పేరెంట్ సంతకం కావాలంటారు కదా, అది ఎవరు పెట్టాలి? చెల్లి ఇంటిపేరు కూడా వేరే. కోర్టు నుంచి గార్డియన్‌షిప్ తెచ్చుకోవాలా, స్టాంప్ పేపర్ మీద రాస్తే సరిపోతుందా? నా చేతిలో 19 రోజులున్నాయి.

ఉప్పల్_రింగ్‌రోడ్

ముందు మీరు ధైర్యంగా ఉండండి మేడం, అమ్మకోసం పెద్ద పని చేస్తున్నారు. నా సలహా అయితే స్టాంప్ పేపర్లు నమ్ముకోవద్దు, ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేసి మీ చెల్లిని గార్డియన్‌గా ఆర్డర్ తెచ్చేసుకోండి, ఇక ఎవరూ నోరెత్తరు.

సుచిత్ర_సర్కిల్

కోర్టు సంగతి నాకు తెల్వదు గానీ నాకైంది చెప్త. మా అన్నవాళ్ళ కొడుకు, అప్పటికి 10 ఏళ్ళు, అన్న వదిన కాశీ పోతే పిల్లగాడు మా ఇంట్ల ఉన్నడు. పొద్దుగూకినంక సైకిల్ మీదికెళ్ళి పడి మోచెయ్యి విరిగింది. దగ్గర్ల ఉన్న ప్రైవేట్ దవాఖానకు ఉరికినం. ఎక్స్‌రే తీసిన్రు, నొప్పి సూది ఇచ్చిన్రు, అంతవరకు మంచిగనే అయింది, మత్తిచ్చి వైర్లు వెయ్యాలె అనేసరికి ఆగిపోయింది. మీరెవరు అన్నరు, బాబాయిని అన్న. ఆధార్ చూపిచ్చిన. ఆధార్ల బాబాయ్ అని ఉండదు కదా. అన్న ఫోన్ స్విచాఫ్, వదిన ఫోన్ రింగయితుంది కానీ ఎత్తుతలేదు.

రెండున్నర గంటలు. పిల్లగాడు ఒక చెయ్యితోని ఇంకో చెయ్యి పట్టుకొని బెంచి మీద కూసున్నడు, ఏడ్వలేదు, కొద్దిసేపటికి నా చెవి కాడికొచ్చి, బాబాయ్, నాన్న సంతకం నాకొస్తది, ప్రోగ్రెస్ రిపోర్ట్ మీద చూసి నేర్చుకున్న, నేను పెట్టాల్నా అన్నడు. ఆ మాట ఇప్పటికీ నా చెవులల్ల ఉంది. అన్న 11:40కి దొరికిండు, వీడియో కాల్ల డాక్టర్‌తోని మాట్లాడి మెయిల్ పెట్టినంక లోపలికి తీస్కపోయిన్రు. మా తాన ఒక్క కాయితం లేదు అక్కా, తప్పు మాదే. మీరు ముందే ఆలోచిస్తున్నరు, సంతోషం.

నిజాంపేట్_అమ్మ

చదువుతుంటే గుండె పిండేసినట్టైంది అన్నా. నేను భయపడేది సరిగ్గా ఇదే.

కోర్టు_కారిడార్

నేను ఎల్బీనగర్ కోర్టుల్లో ప్రాక్టీస్ చేస్తాను. ఉప్పల్ గారి ఉద్దేశం మంచిదే కానీ ఆ దారి ఇక్కడ పనికిరాదు. కారణం చెప్తాను.

గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్ అని 1890 నాటి చట్టం ఉంది, కోర్టు గార్డియన్‌ని వేసేది దాని కిందే. అందులో సెక్షన్ 19 ఏమంటుందంటే, తండ్రి గానీ తల్లి గానీ బతికి ఉండి, వాళ్ళు ఆ బాధ్యతకి తగరు అని కోర్టుకి అనిపించనంతవరకు, పిల్లల సంరక్షణకి ఇంకొకర్ని గార్డియన్‌గా నియమించడం కుదరదు. మీరిద్దరూ నిక్షేపంలా ఉన్నారు, పాప మీద హక్కు వదులుకోవట్లేదు. రెండు నెలలు ఊళ్ళో ఉండకపోవడం తగకపోవడం కాదు. పైగా నోటీసులూ విచారణా అంటూ 19 రోజుల్లో అయ్యే పని కాదు.

మీకు కావాల్సింది గార్డియన్‌షిప్ మార్చడం కాదమ్మా, మీరే గార్డియన్‌గా ఉంటూ ఫలానా పనులు నా తరఫున నా చెల్లెలు చేస్తుంది అని చెప్పే అధికార పత్రం. ఆథరైజేషన్ లెటర్ అనండి, పిల్లకి సంబంధించినంతవరకు పవర్ ఆఫ్ అటార్నీ అనండి. దీనికి ప్రత్యేకంగా చట్టంలో ఒక ఫారం అంటూ లేదు. అందుకే అది బలంగా ఉండాలంటే రాసే తీరు ముఖ్యం.

ఇక హాస్పిటల్ సంతకం. భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 27 ఉంది, పాత ఐపీసీలో ఇది 89. 12 ఏళ్ళలోపు పిల్లల మేలు కోసం సదుద్దేశంతో చేసిన పనికి గార్డియన్ ఒప్పుకున్నా సరే, చట్టబద్ధంగా ఆ పిల్ల బాధ్యత చూస్తున్న వ్యక్తి ఒప్పుకున్నా సరే అది నేరం కాదు అంటుంది. గార్డియన్ ఒక్కరే అనలేదు, ఆ రెండో మాట చూడండి. మీ చెల్లి చేతిలో మీ లెటర్ ఉంటే ఆ రెండో మనిషి తనే అని డాక్టర్ ముందు చూపించుకోగలుగుతుంది. ఇంక ప్రాణం మీదికొచ్చి ఒప్పుకోవడానికి పక్కన ఎవరూ లేని పరిస్థితి ఉంటే దానికి సెక్షన్ 30 ఉంది, డాక్టర్ ఆగక్కర్లేదు. ఎమర్జెన్సీలో ముందు వైద్యం, తర్వాతే మిగతావి అని సుప్రీం కోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. ఇబ్బంది అంతా మధ్య రకం కేసుల్లోనే, సుచిత్ర గారి పిల్లాడి మోచెయ్యి లాంటివి. ప్రాణాపాయం కాదు కానీ ఆగలేం. కాగితం కావాల్సింది వాటికే.

నిజాంపేట్_అమ్మ

సార్, మావారి సంతకం లేకుండా నా ఒక్కదాని సంతకం చెల్లుతుందా? ఆయన ఇప్పుడు నోటరీ ముందుకి రాలేరు కదా.

కోర్టు_కారిడార్

హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ యాక్ట్ 1956లో సెక్షన్ 6 పిల్లల నేచురల్ గార్డియన్, అంటే సహజ సంరక్షకులు, తండ్రి, ఆయన తర్వాత తల్లి అని రాసింది. ఆ "తర్వాత" అంటే తండ్రి చనిపోయాక అని చాలాకాలం అనుకున్నారు. రిజర్వ్ బ్యాంకు బాండ్ల అప్లికేషన్‌లో కొడుకు తరఫున తల్లి సంతకం పెడితే ఒప్పుకోకపోవడంతో గీతా హరిహరన్ గారు సుప్రీం కోర్టుకి వెళ్ళారు. 1999లో తీర్పు వచ్చింది. తండ్రి లేనప్పుడు అంటే దూరంగా ఉండి పిల్లల బాధ్యత చూడలేని స్థితిలో ఉన్నప్పుడు కూడా తల్లే నేచురల్ గార్డియన్ అన్నారు. షిప్పులో ఉన్న మీవారికి ఇది అతికినట్టు సరిపోతుంది. మీ సంతకం చాలు. అయినా ఆయన్ని కూడా తెల్లకాగితం మీద సంతకం చేసి స్కాన్ పెట్టమనండి, తన మెయిల్ నుంచే మీకూ చెల్లికీ స్కూల్‌కీ ఒకేసారి పంపమనండి. నోటరీ లేకపోయినా అది తోడు సాక్ష్యం.

అదే మీవారు ఏ దేశంలోనో ఉద్యోగం చేస్తూ అక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపిస్తే మాత్రం మన ఎంబసీలో గానీ కాన్సులేట్‌లో గానీ అటెస్ట్ చేయించాలి, ఒక దేశపు కాగితాల్ని ఇంకో దేశం ఒప్పుకునే హేగ్ ఒప్పందంలో ఉన్న దేశమైతే అపోస్టిల్ అనే ధ్రువీకరణ చేయించాలి, ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంప్ వేయించాలి.

పీడియా_వార్డు_నర్సు

నేను పిల్లల వార్డులో 11 ఏళ్ళుగా చేస్తున్నా. లాయర్ గారు చెప్పిన కాగితం ఎలాగూ ఉండాలి, దానికి ఇంకో పేజీ జత చేయండి, అర్ధరాత్రి మాకు మొదట కావాల్సింది ఆ రెండో పేజీయే. పాప బరువు కిలోల్లో రాయండి, పిల్లలకి మందు డోసు బరువుని బట్టే వేస్తాం, తోడొచ్చిన వాళ్ళు "ఉంటుందమ్మా ఇరవై దాకా" అంటుంటారు. ఏ మందు పడదో ఉంటే అది అన్నిటికంటే పైన, ఎర్ర పెన్నుతో. ఏ ఇన్‌హేలర్, ఎన్ని పఫ్‌లు, స్పేసర్‌తోనా (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) లేకుండానా, చివరిసారి నెబ్యులైజేషన్ ఎప్పుడు పెట్టారు, ఎప్పుడైనా అడ్మిట్ అయిందా. రెగ్యులర్‌గా చూసే పిల్లల డాక్టర్ నంబరు. ఇన్సూరెన్స్ ఈ-కార్డూ పాప ఆధార్ కాపీ అదే కవర్లో పెట్టేయండి, క్యాష్‌లెస్ కౌంటర్లో అవి లేకపోతే డిపాజిట్ కట్టమంటారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీరు వెళ్ళేలోపు చెల్లితో పాపకి స్పేసర్ ఒకసారి పెట్టించండి, మీరు పక్కన నుంచుని చూడండి. మాస్క్ ముక్కుకీ నోటికీ గాలి పోకుండా ఆనించడం, ఒక పఫ్ కొట్టి పాప నెమ్మదిగా ఊపిరి తీసేదాకా ఆగడం, అది వింటే రాదు, చేస్తేనే వస్తుంది. డొక్కలు ఎగరేస్తున్నా, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నా, పెదాలు నీలంగా అనిపించినా ఇంక ఇంట్లో చూద్దాం అనుకోకుండా 108కి చేయాలి.

థర్డ్_క్లాస్_టీచర్

టీచర్‌గా ఒక మాట చెప్తాను. ప్రిన్సిపాల్‌కి లెటర్ ఇచ్చి ఊరుకోకండి, ఆ లెటర్ ఫైల్లో ఉంటుంది, సాయంత్రం 3:30కి గేటు దగ్గర ఉండేది సెక్యూరిటీ అంకుల్, బస్సులో ఉండేది ఆయమ్మ. చెల్లి ఫోటోతో పికప్ కార్డు చేయించి, చెల్లిని స్వయంగా తీసుకెళ్ళి ఆ ఇద్దరికీ చూపించండి. మీ చెల్లిని కాకుండా ఇంకెవర్ని పంపినా పాపకి మాత్రమే తెలిసిన ఒక మాట చెప్పాలి అని పెట్టుకోండి. మా క్లాసులో ఒక పిల్లకి వాళ్ళమ్మ "దోసకాయ" అని పెట్టింది, ఒకసారి పక్కింటాయన వస్తే ఆ పిల్ల బ్యాగ్ పట్టుకుని నిలబడి ఆ మాట చెప్పేవరకు కదల్లేదు.

క్లాస్ టీచర్‌కి విషయం మొత్తం చెప్పండి. హోంవర్క్ చేయకపోతే డైరీలో ఎర్ర ఇంకు రాసేముందు మాకు తెలియాలి కదా ఆ పిల్ల ఇంట్లో ఏం జరుగుతుందో.

ఏఎస్‌రావ్‌నగర్_తాతయ్య

అమ్మా, మీ అమ్మగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. మా మనవడు ఏడాదిన్నరగా మా దగ్గరే పెరుగుతున్నాడు, పుట్టింది అమెరికాలో. మా అబ్బాయి అక్కడి ఫారం ఒకటి నెట్‌లోంచి దింపి సంతకాలు చేసి ఇచ్చాడు. అక్కడ చాలా రాష్ట్రాల్లో తల్లిదండ్రులు ఆరు నెలలకో ఏడాదికో బాధ్యత రాసివ్వడానికి చట్టమే ఉందట, ఆ సెక్షన్ నంబర్లన్నీ అందులో ఉన్నాయి. ఇక్కడ స్కూలువాళ్ళు అటూ ఇటూ తిప్పి చూసి ఇది మాకు అర్థం కావట్లేదండి అన్నారు. మళ్ళీ ఇక్కడి పద్ధతిలో రాయించుకున్నాం.

అమెరికా పాస్‌పోర్టు పిల్లలున్న తాతయ్యలు అమ్మమ్మలు ఎవరైనా చదువుతుంటే, 16 లోపు పిల్లలకి ఆ పాస్‌పోర్టు 5 ఏళ్ళే. రెన్యువల్‌కి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కి మేము తీసుకెళ్ళాలంటే తల్లీ తండ్రీ ఇద్దరి నోటరైజ్డ్ అనుమతి అక్కడి నుంచి రావాలి, డీఎస్-3053 అంటారు. మూడు నెలలు దాటితే అది పనికిరాదు. అపాయింట్‌మెంట్ తేదీ చూసుకుని చేయించండి.

టోలిచౌకి_డైరీస్

మేము హజ్‌కి వెళ్ళినప్పుడు నలభై రోజులు పిల్లలిద్దర్నీ మా అమ్మ దగ్గర పెట్టి వెళ్ళాం. ఏ కాగితం రాయలేదు, అల్లా దయవల్ల ఏమీ కాలేదు, కానీ ఇది చదివాక భయమేస్తుంది. లాయర్ సాబ్, మాలో తల్లి గార్డియన్ కాదంటారు కదా, మరి నేను రాస్తే చెల్లుతుందా?

కోర్టు_కారిడార్

ముస్లిం లాలో గార్డియన్ మొదట తండ్రి, తర్వాత తండ్రి వీలునామాలో చెప్పిన మనిషి, తర్వాత తాత అంటే తండ్రి తండ్రి. తల్లికి ఉండేది హిజానత్, అంటే దగ్గర పెట్టుకుని పెంచే హక్కు, హనఫీ శాఖ వాళ్ళలో అబ్బాయికి 7 ఏళ్ళ వరకు, అమ్మాయికి యుక్తవయసు వచ్చేవరకు. కాబట్టి మీ విషయంలో మీరూ మీవారూ ఇద్దరూ సంతకం పెట్టండి, పిల్లల దాదా, అంటే ఆ తాత, ఉంటే ఆయన్ని సాక్షిగా పెట్టండి.

మణికొండ_కుర్రాడు

కాగితాల గురించి అందరూ చెప్పారు. నేను అలా వదిలి వెళ్ళిన పిల్లాడి వైపు నుంచి రాస్తున్నా. నాకు 9 ఏళ్ళప్పుడు అమ్మానాన్న మస్కట్ వెళ్ళారు, నేను కరీంనగర్‌లో మేనత్త ఇంట్లో ఉన్నా. అత్త బంగారం. తిండికి గానీ బట్టకి గానీ లోటు లేదు. కానీ ఎప్పుడొస్తారు అని ఎవర్ని అడిగినా "వచ్చేస్తార్రా" అనేవాళ్ళు, ఎవరూ తేదీ చెప్పలేదు. శుక్రవారం శుక్రవారం ఎస్టీడీ బూత్‌కి వెళ్ళేవాళ్ళం, ఆ డబ్బాలో ఎర్ర అంకెలు గిర్రున మారుతుంటే అత్త అటే చూసేది, నేను కూడా అటే చూస్తూ చెప్పాలనుకున్నది మర్చిపోయేవాణ్ణి.

అక్కా, పాపకి తేదీ చెప్పండి. క్యాలెండర్ మీద గుర్తు పెట్టి ఇవ్వండి. ఆపరేషన్ అని కూడా చెప్పండి, దాచొద్దు, పిల్లలు తలుపు వెనకాల నుంచి సగం విని మిగతా సగం ఇంకా భయంకరంగా ఊహించుకుంటారు. నేను మా అమ్మ చచ్చిపోయిందేమో నాకు చెప్పట్లేదేమో అని ఒక నెలంతా అనుకున్నా.

నిజాంపేట్_అమ్మ

తమ్ముడూ, ఇది చదివి ఇంత సేపు ఫోన్ పక్కన పెట్టేశా. పాపకి అమ్మమ్మ ఊరికి వెళ్తున్నా అని చెప్పి ఊరుకుందామనుకున్నా నేను. ఈ రాత్రే కూర్చోబెట్టి చెప్తా.

ఉప్పల్_రింగ్‌రోడ్

లాయర్ గారు, సెక్షన్ 19 నాకు తెలీదు, నా సలహా తప్పు, సారీ మేడం. నోటరీ పనికి ఎవరైనా తోడు కావాలంటే నేను వస్తా, ఆదివారం తప్ప ఎప్పుడైనా.

నిజాంపేట్_అమ్మ

4 రోజుల తర్వాత. జిరాక్స్ షాపులో రెడీమేడ్ ఫార్మాట్ ఇచ్చారు, దాన్ని మార్చి ఇలా రాశా, చూడండి సార్:

"నేను, పాప తల్లిని, పాప తండ్రి ఓడలో ఉద్యోగరీత్యా దూరంగా ఉన్నందున, నేను శస్త్రచికిత్స కోసం చెన్నై వెళ్తున్నందున, మా పాపను నా చెల్లెలికి అప్పగిస్తున్నాను. పాప విషయంలో అన్ని హక్కులు ఆమెకు ఇస్తున్నాను. పాప చదువు, ఆరోగ్యం, ప్రయాణం విషయంలో ఆమె నిర్ణయమే తుది నిర్ణయం."

కోర్టు_కారిడార్

ఈ మూడు వాక్యాల్లో మొదటిదాని చివర్లో "అప్పగిస్తున్నాను" తీసేయండి. "అన్ని హక్కులు" తీసేయండి. "తుది నిర్ణయం" తీసేయండి. ఇలాంటి మాటలున్న కాగితాలే రేపు పిల్లని ఇచ్చేశారు, దత్తత ఇచ్చారు అనే గొడవలకి దారితీస్తాయి. దత్తతకి వేరే చట్టం, వేరే పద్ధతి ఉన్నాయి, స్టాంప్ పేపర్ మీద అవి జరగవు, అయినా ఆ అర్థం వచ్చే ఒక్క మాట కూడా ఉండొద్దు.

ఇలా రాయండి. నేనూ నా భర్తా పాపకి గార్డియన్లుగానే కొనసాగుతాం. జూలై 1 నుంచి ఆగస్టు 31 వరకు పాప మా ఇంట్లో నా చెల్లెలి సంరక్షణలో ఉంటుంది. ఆ కాలంలో మమ్మల్ని సంప్రదించడం వీలుకానప్పుడు డాక్టర్ అవసరమని చెప్పిన పరీక్షలు, అడ్మిషన్, మత్తు, ఆపరేషన్‌తో సహా చికిత్సకి నా తరఫున అనుమతి ఇవ్వడానికి, బిల్లు కట్టడానికి, రిపోర్టులు తీసుకోవడానికి, స్కూల్ నుంచి పాపని తీసుకెళ్ళడానికి, స్కూల్ కాగితాల మీద సంతకం చేయడానికి ఆమెకి అధికారం ఇస్తున్నాను. హైదరాబాద్ దాటి తీసుకెళ్ళాలంటే నన్ను అడగాలి. ఈ అధికారం నేను ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. పాప ఆస్తి, బ్యాంకు విషయాలకి ఇది వర్తించదు.

"మత్తు, ఆపరేషన్" అనే మాటలు కచ్చితంగా ఉండాలి, ఉత్త "వైద్యం" అని రాస్తే ఆ రెండు దగ్గరే ఆపుతారు. చెల్లికి జ్వరమొస్తే ఎవరు అని ఇంకో పేరు కూడా వేయండి. ఇద్దరు సాక్షులు, ప్రతి పేజీ కింద సంతకం, మీ ఆధార్, చెల్లి ఆధార్, పాప బర్త్ సర్టిఫికెట్ జత చేయండి, నోటరీ ముందు మీరే కూర్చుని సంతకం పెట్టండి. ఒరిజినల్సే మూడు చేయించండి. స్కూల్‌కి ఒకటి, చెల్లి బ్యాగులో ఒకటి, ఇంట్లో ఒకటి. మామూలుగా చూపించే హాస్పిటల్‌కి ముందే వెళ్ళి ఈ కాగితం మీకు సరిపోతుందా అని అడగండి, వాళ్ళ ఫారం ఏదైనా ఉంటే అది కూడా నింపేయండి. రాత్రి పూట వాదించుకునేకంటే పగలు అడగడం నయం.

ఒకటి చెప్పడానికి మనసొప్పట్లేదు కానీ వృత్తిరీత్యా చెప్పాలి. ఈ లెటర్ మీరు బతికున్నంతవరకే. తర్వాత గార్డియన్ ఎవరు అన్నది మీరూ మీవారూ ఎవరి వీలునామాలో వాళ్ళు రాసుకోవాలి, 1956 చట్టం సెక్షన్ 9. మీ తర్వాత మీవారు ఉంటారు కాబట్టి మొదటి బాధ్యత ఆయనదే, ఇద్దరూ లేని పరిస్థితికే అది. తెల్లకాగితం చాలు, ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

నిజాంపేట్_అమ్మ

రాస్తాను సార్. డోనర్ కౌన్సెలింగ్‌లో వాళ్ళు అన్నీ విడమరిచి చెప్పారు, అక్కడ ఏడవలేదు కాబట్టి ఇక్కడా ఏడవను.

పాపకి చెప్పేశా. నా పొట్ట మీద చెయ్యి పెట్టి, ఎంత ముక్క కోస్తారు, మళ్ళీ పెరుగుతుందా అని అడిగింది. పెరుగుతుందట అన్నా. అయితే సరే అని టీవీ పెట్టుకుంది. తర్వాత పడుకునేటప్పుడు ఇంకోసారి అడిగింది.

నిజాంపేట్_అమ్మ

40 రోజుల తర్వాత. నేను వాళ్ళ చెల్లిని, అక్క లాగిన్ ఇచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది, అక్క నడుస్తుంది, అమ్మ ఐసీయూ నుంచి రూమ్‌కి వచ్చింది. మీ అందరి వల్ల నాకు జరిగిన మేలు చెప్పాలి. అక్కకి ఆపరేషన్ అయిన నాలుగో రోజు రాత్రి 1:15కి పాపకి ఆయాసం ఎక్కువైంది. ఇన్‌హేలర్ కొట్టాను, తగ్గలేదు, మాట మధ్యలో ఆగుతుంది. నర్సు అక్క రాసింది గుర్తొచ్చి ఇంక చూడలేదు. మేము ముందే లెటర్ ఇచ్చి వచ్చిన హాస్పిటల్‌కే వెళ్ళాం. డ్యూటీ డాక్టర్ లెటర్ అడగలేదు, ముందు మాస్క్ పెట్టారు. తర్వాత అడ్మిట్ చేసి పొద్దుటిదాకా చూస్తాం అన్నప్పుడు కౌంటర్లో అడిగారు, ఇచ్చాను, జిరాక్స్ తీసుకున్నారు, "మత్తు, ఆపరేషన్" ఉన్న లైను మీద వేలు పెట్టి చదివి సరే ఇక్కడ సంతకం పెట్టండి అన్నారు. బరువు 21.5 అని పేజీ మీదే ఉంది. తెల్లారాక ఇంటికొచ్చేశాం.

ఇప్పుడు ఒక సమస్య. అమ్మకి ఇన్‌ఫెక్షన్ వచ్చింది, ఇంకో రెండు వారాలు అక్కడే ఉండాలన్నారు. లెటర్ ఆగస్టు 31తో అయిపోతుంది. తేదీ దిద్ది అక్క పక్కన సంతకం పెడితే సరిపోతుందా?

కోర్టు_కారిడార్

దిద్దొద్దమ్మా. దిద్దిన కాగితం అంటే ఎవరికైనా అనుమానమే. సెప్టెంబర్ 1 నుంచి అని కొత్తది చేయించండి. మీ అక్క అక్కడే చెన్నైలో నోటరీ ముందు సంతకం పెట్టి కొరియర్ చేయొచ్చు, ఇక్కడ చూపించుకోవచ్చు. పాతదానికి కొనసాగింపు అని ఒక లైను రాయించండి. స్కూల్‌కీ హాస్పిటల్‌కీ కొత్త కాపీ ఇవ్వడం మర్చిపోవద్దు.

పీడియా_వార్డు_నర్సు

మీరు టైంకి కదిలారు, గొప్ప పని చేశారు. బరువు ఇంకోసారి చూసి కొత్త పేజీలో మార్చండి.

మణికొండ_కుర్రాడు

పాపకి తేదీ మారిందని చెప్పారా?

నిజాంపేట్_అమ్మ

చెల్లినే. నిన్న చెప్పాం, అక్క వీడియో కాల్‌లో తనే చెప్పింది. కొంచెం సేపు మాట్లాడలేదు. తర్వాత క్యాలెండర్ దించి, సెప్టెంబర్ పేజీ తిప్పి, స్కేలు పెట్టి 14 గడులకి గీత కొట్టుకుంది. కొరియర్ శుక్రవారం వస్తుందట, రాగానే స్కూల్‌కి నేనే తీసుకెళ్తా.